శంకరంగారి మాట

భీమశంకరంగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని తెలిసినప్పుడు పెదరేవు పట్టణంలో చాలామంది ముందు "అయ్యో" అన్నారు. ఆ తర్వాత కాస్త ఆగి, "ఆయన మాట్లాడేవారా?" అని కూడా అన్నారు. అందులో వెటకారమేమీ లేదు. మున్సిపాలిటీలో ముప్ఫై ఏళ్ళు ఇంజినీరుగా పనిచేసిన ఆ మనిషి, కొలతలు చెప్పడానికి తప్ప నోరు తెరిచిన పాపాన పోలేదు. ఇంట్లో ఆ లోటేమన్నా ఉంటే అది ఆయన భార్య వకుళ తీర్చేది, వడ్డీతో సహా.

వకుళ జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైంది. పదకొండేళ్ళుగా "పెరటి గుమ్మం" అనే బ్లాగు నడుపుతోంది. ఎన్నికల నుంచి ఎదురింటివాళ్ళ కుక్క దాకా, పెట్రోలు ధర నుంచి పెళ్ళిళ్ళలో బఫే భోజనాల దాకా ఆమెకు అభిప్రాయం లేని విషయం లేదు. అలాగని అరిచి రాయదు, తిట్టి రాయదు. అటూ ఇటూ చూసి, తూచి, చివర్లో నెమ్మదిగా తన మాట చెబుతుంది. అందుకే నలభై వేలమంది చదువుతారు.

రోజూ ఉదయం తను రాసింది భర్తకు చదివి వినిపించేది. ఆయన కాఫీ తాగుతూ విని, గ్లాసు కింద పెట్టి "ఊఁ" అనేవారు. అప్పుడు పోస్టు పెట్టేది. "మా ఇద్దరిదీ ఒకటే అభిప్రాయం" అని నలుగురిలో గర్వంగా చెప్పుకునేది. మౌనం అర్ధాంగీకారమంటారు పెద్దలు. ఆ మిగతా సగం వకుళ తనే కలిపేసుకుంది.

పక్షవాతం మామూలుది కాదు. కుడివైపు పూర్తిగా పడిపోయింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా లేస్తుంది గాని వేళ్ళు స్వాధీనంలో లేవు. మెడ నిలవదు, రెప్పలు వాలిపోతుంటాయి. "తల ఊపుతున్నట్టు కనిపించినా, చెయ్యి కొడుతున్నట్టు కనిపించినా అర్థాలు తీయకండి, అవి ఆయన వశంలో లేని కదలికలు" అని డాక్టరు చెప్పాడు. అక్షరాల బోర్డు పెట్టి కళ్ళతో చూపించమంటే రెండు వారాలు ప్రయత్నించి అందరూ అలసిపోయారు. మనిషి లోపల మాత్రం చెక్కుచెదరలేదని పరీక్షలు చెప్పాయి. అదే వకుళను ఎక్కువ బాధపెట్టింది.

అలాంటప్పుడు ఆడపడుచు నాగవేణి వచ్చింది. జిల్లా కేంద్రంలో ఒక పరిశోధనశాలలో ఆమె బృందం నాలుగేళ్ళుగా ఒక పట్టీ మీద పనిచేస్తోంది. దాని పేరు పలుకుపట్టీ. అన్నగారిని వ్యానులో అక్కడికి తీసుకెళ్ళి, మెడకు దాన్ని కట్టి, వదినను తెర ముందు కూర్చోబెట్టింది.

"అన్నయ్యా, నీ పేరు చెప్పు" అంది.

ఆయన పెదవి కదల్లేదు. తెర మీద మాత్రం సన్నటి గీతలు వణికాయి.

"చూశావా వదినా? మాట అనుకోగానే గొంతులో కండరాలు అదురుతాయి. బయటికి రానంత చిన్నగా. ఆ అదురుని ఈ పట్టీ పట్టుకుంటుంది. కాకపోతే పది అక్షరాల్లో రెండే స్పష్టంగా దొరుకుతాయి. మిగతా ఎనిమిదీ పట్టీకి కలిపిన ఈ పెట్టె ఊహించుకోవాలి."

"ఎలా ఊహిస్తుంది?"

"ఆ మనిషి మామూలుగా ఎలా మాట్లాడతాడో దానికి నేర్పాలి. అన్నయ్య ఉత్తరాలు, ప్రసంగాలు, ఏవైనా సరే, రెండు లక్షల మాటలు కావాలి."

వకుళ ఇల్లంతా వెతికింది. దొరికినవి ఇవి: పనుల కొలతల పుస్తకాలు, "సిమెంటు వచ్చింది" అని రాసిన చీటీలు పదిహేను, మేనల్లుడి పెళ్ళి వీడియోలో "ఎక్కడ కూర్చోమంటారు?" అన్న ఒక్క ప్రశ్న. పెట్టెకు ఆయన గొంతు తయారుచేయడానికి ఆ ప్రశ్న సరిపోయింది. మాటలకే కరువొచ్చింది.

"నా బ్లాగు ఉందిగా, అది పెట్టెయ్" అంది వకుళ.

నాగవేణి తటపటాయించింది. "అవి నీ మాటలు కదా వదినా."

"నావేంటి, ఆయనవేంటి? పదకొండేళ్ళు ప్రతి పోస్టూ ఆయనకి చదివి వినిపించాకే పెట్టాను. ఒక్కసారన్నా కాదన్నారా? నువ్వే చెప్పు, మీ అన్నయ్య ఏనాడైనా నా మాట కాదన్నారా?"

కాదన్నట్టు నాగవేణికీ గుర్తులేదు. పైగా పట్టీ పనిచేస్తుందని చూపించాల్సిన గడువు దగ్గరపడింది. మూడువేల పోస్టులు పెట్టెలోకి వెళ్ళాయి.

పెట్టె నేర్చుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదోరోజు పొద్దున హాల్లో కుర్చీలో కూర్చున్న శంకరంగారి మెడ దగ్గర నుంచి ఆయన గొంతే వినిపించింది.

"వకుళా, మనిషికి మాట పోయినప్పుడే మాట విలువ తెలుస్తుంది."

వకుళ నేలమీద కూలబడి ఆయన మోకాళ్ళు పట్టుకుని ఏడ్చింది. సంతోషంతో ఏడవడం ఆమెకు అదే మొదటిసారి. నాగవేణి కూడా కళ్ళు తుడుచుకుంది గాని, ఆ తర్వాత కాసేపటికి, "అన్నయ్య నిన్ను ఎప్పుడూ ఇదిగో అని కదా పిలిచేది, పేరు పెట్టి పిలిచాడేంటి?" అంది.

"చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి మారడా?" అంది వకుళ. ఆమెకు ఆ మార్పు నచ్చింది.

ఇక శంకరంగారి నోటికి పట్టపగ్గాల్లేవు. పేపరు చదివి వినిపిస్తే ప్రతి వార్త మీదా ఆయనకో అభిప్రాయం. అదీ అటూ ఇటూ చూసి, తూచి, చివర్లో నెమ్మదిగా చెప్పే అభిప్రాయం. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో మాట్లాడనివన్నీ కలిపి మాట్లాడుతున్నట్టుంది వకుళకు. బ్లాగులో బుధవారాలు "శంకరంగారి మాట" అని ఒక శీర్షిక మొదలుపెట్టింది. చదివేవాళ్ళు రెట్టింపయ్యారు. "దంపతులంటే మీరండీ, ఒకే మనసు!" అని ఎవరో రాస్తే ఆ వ్యాఖ్యను ఫోనులో దాచుకుంది.

ఒక్కటే చిక్కు. ఆయన ఆ పట్టీని ఉంచుకునేవారు కాదు. ఎడమ చెయ్యి మణికట్టుతో రుద్ది రుద్ది, మెడ మీదినుంచి జార్చేసేవారు. ఎర్రగా కమిలిన ఆ చర్మం చూసి వకుళ ప్రాణం విలవిల్లాడింది. పాత మల్లు పంచె చింపి, మెత్తగా నాలుగు మడతలు వేసి, పట్టీకి లోపలివైపు కుట్టింది. మళ్ళీ కట్టేటప్పుడు ఊడకుండా ఒక గుండీ కూడా పెట్టింది.

నాలుగు నెలలు గడిచాయి. అప్పుడు పాత వంతెన దగ్గరున్న చేపల షెడ్డు తీసేసి అక్కడ పార్కు కట్టాలని మున్సిపాలిటీ అనుకుంది. ఆ షెడ్డు పద్దెనిమిదేళ్ళ కింద దగ్గరుండి కట్టించింది శంకరంగారే. వకుళ ఆయన్నే అడిగింది. పెట్టె గుక్కతిప్పుకోకుండా చెప్పింది: "పట్టణం ఊపిరి పీల్చుకోవాలంటే కొన్ని అలవాట్లు పక్కకు జరగాలి. ఆ షెడ్డు నేనే కట్టాను కాబట్టి, తీసేయమనే హక్కు కూడా నాదే."

ఎంత పెద్దమనసు అనుకుని వకుళ ఆ బుధవారం దాన్నే బ్లాగులో పెట్టేసింది. శుక్రవారం నాటి మున్సిపాలిటీ నోటీసులో ఆ రెండు వాక్యాలూ ఆయన పేరుతో సహా అచ్చయ్యాయి.

శనివారం ఉదయం గంటా నూకరత్నం వచ్చింది. షెడ్డులో చేపలమ్మే వాళ్ళకు పెద్దదిక్కు. చేతిలో నోటీసు కాగితం ఉంది. గుమ్మంలోనే నిలబడి, "ఇది బాబుగారి మాట కాదండి" అంది.

వకుళకు ఒళ్ళు మండింది. "నీకెలా తెలుసు? ఇంట్లో ఉన్నదాన్ని నేనా, నువ్వా?"

"తప్పైతే సెమించండి అమ్మగోరూ. షెడ్డు కట్టినన్నాళ్ళూ ఆయన మా మజ్జిన నిలబడ్డారండి. ఆర్నెల్లు. మొత్తమ్మీద ఓ ఇరవై మాటలాడుంటారు. ఇక్కడ సూడండి, ఒక్కపాలి ఎన్ని మాటలో!" ఆమె లోపలికి నడిచి కుర్చీ ముందు కూర్చుంది. "బాబుగారూ, మమ్మల్ని లెగిసి పొమ్మన్నారా?"

"నూకరత్నం గారూ, మార్పంటే భయం సహజం. కాని ఏ సమాజమైనా..." అని పెట్టె మొదలుపెట్టింది.

అది మాట్లాడుతున్నంతసేపూ శంకరంగారి ఎడమ చెయ్యి కుర్చీ అంచుని కొడుతూనే ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"అవి ఆయన వశంలో ఉండవు" అంది వకుళ, గొంతు తగ్గించి.

నూకరత్నం ఆ చేతినే చూస్తోంది. "ఆ పెట్టి ఒకటి సెప్తంది, ఆ సెయ్యి ఒకటి సెప్తంది. మీరు సదుంకున్నోరు. ఏది నమ్ముతారో మీ ఇష్టమండి" అని లేచి వెళ్ళిపోయింది.

వకుళ ఆ రోజంతా ఏమీ రాయలేదు. కోపం తగ్గాక భయం మొదలైంది. దేనికి భయమో తనకే తెలియలేదు. సోమవారం ఆయన్ని తీసుకుని నాగవేణి దగ్గరికి వెళ్ళింది.

"ఊహించడం ఆపేసి వినొచ్చా?" అని అడిగింది.

"వినొచ్చు. కాని వాక్యాలు రావు వదినా. ఒక్కొక్క అక్షరం. అన్నయ్య అదే అక్షరాన్ని మళ్ళీ మళ్ళీ అనుకుంటూ ఉండాలి, ఖాయమయ్యేదాకా. చాలా కష్టం."

"ఆపు."

నాగవేణి మీట తిప్పింది. పెట్టెలోంచి సన్నగా గుయ్యిమనే శబ్దం తప్ప ఏమీ లేదు.

"అన్నయ్యా, చేపల షెడ్డు తీసెయ్యమని నువ్వన్నావా?"

శంకరంగారి నుదుట చెమట పట్టింది. గోడ గడియారం తిరుగుతోంది. తొమ్మిది నిమిషాలకు పెట్టె "లే" అంది. ఇంకో పదకొండు నిమిషాలకు "దు" అంది.

వకుళ నెమ్మదిగా, "పెట్టె అన్నప్పుడు... మరి ఈయన ఏమన్నారు?" అని అడిగింది.

నాగవేణి తెర వైపు తిరిగింది. "నేర్పిన తీరుకి అతకని మాట వస్తే, పెట్టె దాన్ని ఉత్త వణుకుగా లెక్కకట్టి పక్కన పడేస్తుంది. పడేసినవన్నీ ఒకచోట ఉంటాయి. మేమెప్పుడూ తెరవలేదు."

తెరిచింది. నాలుగు నెలల చెత్త. ఒక్కో ముక్కా పొడిపొడిగా ఉన్నా, వేల ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చితే మాటలు తేలాయి. తెర మీద వరసగా వచ్చాయి. కాదు. కాదు. ఆపు. కాదు. పేజీ తిప్పితే కాదు. ఇంకో పేజీ తిప్పినా కాదు. నాలుగువేల ఎనిమిదివందల పదహారు సార్లు. మొట్టమొదటిది ఆ పదోరోజు పొద్దున, పెట్టె నోరు విప్పిన మొదటి నిమిషంలో. వకుళ నేలమీద కూలబడి ఆనందంతో ఏడుస్తున్న సమయమది. ఆమె తలకు పైన, కుర్చీలో ఆయన కాదు, కాదు అంటూనే ఉన్నారు.

వాటి మధ్యలో అక్కడక్కడా ఇంకో మాట కనిపించింది. ఇదిగో. మూడువందల పన్నెండు సార్లు ఆయన ఆమెను పిలిచారు. మూడువేల పోస్టుల్లో ఎక్కడా ఆ పిలుపు లేదు కాబట్టి పెట్టె దాన్నీ పారేసింది.

వకుళ లేచి భర్త దగ్గరికి వెళ్ళి, మెడ దగ్గర చెయ్యి పెట్టింది. మల్లుగుడ్డ, గుండీ చేతికి తగిలాయి. ఊడదీసే ప్రయత్నంలో ఆయన చర్మం ఒరుసుకుపోతుంటే, దురద అనుకుని మెత్తగా కుట్టి గుండీ పెట్టి బిగించింది తనే. "నేనే కట్టానండీ" అంది. నాగవేణి గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు "పెరటి గుమ్మం"లో వకుళ ఉన్నదున్నట్టు రాసింది. పదిహేడు బుధవారాలూ ఆయన పేరుతో వచ్చినవి తన మాటలేనని, ఆయన ఒప్పుకోలేదని, అది తను వినలేదని. పదకొండేళ్ళలో మొదటిసారి ఎవరికీ వినిపించకుండా పెట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా వచ్చాయి జవాబులు. కొందరు నమ్మలేదు. కొందరు ఓదార్చారు. ఒకాయన మాత్రం, "ఏమైనా మీకంటే శంకరంగారే బాగా రాసేవారండీ" అని బాధపడ్డాడు.

మున్సిపాలిటీ వాళ్ళు ఒక్కటే అన్నారు. అచ్చయిందేదో అచ్చయింది. వెనక్కి తీసుకోవాలంటే గురువారం అభ్యంతరాల విచారణకు ఆయనే వచ్చి, ఆయన నోటితోనే చెప్పాలి. మనిషికి మూడు నిమిషాలు.

గురువారం మున్సిపల్ హాలు నిండిపోయింది. వెనక బల్లల మీద చేపలమ్మేవాళ్ళు నలభై రెండుమంది కూర్చున్నారు, అందరూ పేర్లిచ్చినవాళ్ళే. కమిషనర్ జాబితా చూసి ముందుగా శంకరంగారి పేరు పిలిచారు. నాగవేణి ఊహ ఆపేసిన పెట్టెను ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

మూడు నిమిషాలు అయింది. పెట్టె గుయ్యిమంటోంది. గుమాస్తా గంట కొట్టాడు.

"టైము అయిపోయిందండి" అన్నారు కమిషనర్ ఇబ్బందిగా.

వకుళ లేవబోయింది. ఆయన తరఫున నాలుగు మాటలు ఎంత పొందికగా చెప్పగలదో ఆమెకు తెలుసు. నోటిదాకా వచ్చిన ఆ వాక్యాలు చూసి ఆమెకే భయమేసింది. మళ్ళీ కూర్చుంది.

వెనకనుంచి నూకరత్నం లేచింది. "నా మూడు నిముసాలూ బాబుగారికిచ్చెయ్యండి."

పక్కనున్నామె లేచి, "నాయి కూడా" అంది. తర్వాత ఇంకొకామె. బల్ల వెంబడి, వరస వెంబడి అందరూ ఇచ్చేశారు. కమిషనర్ ఏమనుకున్నారో ఏమో, నలభై రెండు పేర్లకీ గీత కొట్టి, "కానివ్వండి" అన్నారు.

ఇరవై నిమిషాలకు పెట్టె "వా" అంది. నలభై దాటాక "ళ్ళ" అంది. హాల్లో దగ్గినవాళ్ళు కూడా కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. గంట దాటాక "న" అంది.

ముందు వరసలో ఒక కౌన్సిలర్ ఇక ఓపిక పట్టలేకపోయాడు. "అర్థమైపోయింది కదండీ సార్! వాళ్ళని ఉండనివ్వండి అంటున్నారు. పాపం పెద్దాయన్ని హింసపెట్టడం దేనికి? రాసేసుకోండి."

హాలంతా అవునవునంది. వకుళ మనసు కూడా సరిగ్గా ఆ వాక్యాన్నే పూర్తిచేసి పెట్టుకుంది. ఆ సంగతి తెలియగానే ఆమె ఉలిక్కిపడి లేచి అరిచింది. "ఊహించొద్దు! ఆయన్ని చెప్పనివ్వండి." ఆవిడ గొంతు అలా ఎవరూ ఎప్పుడూ వినలేదు. కౌన్సిలర్ కూర్చున్నాడు.

"డ." ఇంకో పద్దెనిమిది నిమిషాలు. "గం." శంకరంగారి చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. నాగవేణి ఆయన నాడి పట్టుకుని గుమాస్తా వైపు చూస్తోంది. గుమాస్తా చెయ్యి గంట మీదకు వెళ్తుండగా పెట్టె చివరి అక్షరం పలికింది. "డి."

వాళ్ళనడగండి.

కమిషనర్ చేతిలోని జాబితా వైపు చూసుకున్నారు. నలభై రెండు పేర్లూ కొట్టేసి ఉన్నాయి. ఎవర్ని అడగమన్నారో వాళ్ళ నిమిషాలన్నీ, అడగమని చెప్పడానికే అయిపోయాయి. చేపల షెడ్డు గురించి వకుళ ఇప్పటికి మూడు పోస్టులు రాసింది. రెండువైపులా చూసే రాసింది. షెడ్డులోకి వెళ్ళి ఒక్క మనిషిని కూడా అడగలేదు.

కమిషనర్ జాబితా పక్కనపెట్టి కొత్త కాగితం తీసుకున్నారు. "చెప్పమ్మా నూకరత్నం, మీకేం కావాలి?"

నూకరత్నం లేచి కొంగు సర్దుకుంది.

"ఆ షెడ్డు మాకొద్దండి" అంది.

వకుళ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"కట్టినప్పుడు బాగానే ఉండేదండి. ఎక్కడెయ్యాలి, ఎంత ఎత్తుండాలి అని బాబుగారు మమ్మల్నే అడిగేరు. ఏడేళ్ళ కితం రేవు అవతలి పక్కకి ఎల్లిపోయింది. పడవలక్కడ ఆగుతుంటే, మేం గంపలెత్తుకుని కోసెడు దూరం ఇక్కడికి నడుస్తన్నాం. పార్కు కట్టుకుంటే కట్టుకోండి. ముందు రేవు కాడ రేకులేసి, నీళ్ళ కుళాయి పెట్టి, అప్పుడిది తియ్యండి. అంతేనండి." ఆమె శంకరంగారి వైపు చూసి, మళ్ళీ కమిషనర్ వైపు తిరిగింది. "ఈ మాట సెప్పడానికి మూడు నిముసాలు కూడా అక్కల్లేదండి. అడిగినోల్లు లేక ఏడేళ్ళు పట్టింది."